గుహ పైకప్పు చూసి వచ్చేస్తున్నాం, నేల సంగతి ఎవరు చూస్తారు?

బొర్రా గుహలకి వెళ్ళినవాళ్ళందరూ విని వచ్చే కథే ఇది. కొండ మీద మేస్తున్న ఆవు పైకప్పులో ఉన్న బొక్కలోంచి లోపలికి పడిపోయింది, కాపరి దాన్ని వెతుక్కుంటూ దిగాడు, ఆవు ప్రాణాలతోనే ఉంది, అక్కడే శివలింగం కనబడింది. మా కాలేజీ పిల్లల్ని రైల్లో తీసుకెళ్ళినప్పుడు గైడ్ ఈ కథ చెప్పి టార్చి పైకి తిప్పాడు. అందరూ ఫోన్లు పైకెత్తారు. బైపీసీ అమ్మాయి ఒకతి మాత్రం కిందికి చూస్తూ అడిగింది.

"మేడమ్, ఆ బొక్క ఎన్నో వేల ఏళ్ళనుంచి ఉండి ఉంటుంది కదా. ఆవు ఒక్కటే పడిందా? అంతకుముందు పడ్డవన్నీ ఏమైపోయాయి?"

నేను గైడ్ వైపు చూశాను. "మాకు ఆ సంగతి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు మేడమ్" అన్నాడతను. ఉన్న మాటే చెప్పాడు. శివపార్వతులు, తల్లీబిడ్డ, పుట్టగొడుగు, ఇలా రాళ్ళల్లో కనిపించే ఆకారాలన్నీ అతనికి కంఠతా వచ్చు. కాళ్ళ కింద ఉన్న మట్టి గురించి అతనికి ఎవరూ ఏమీ నేర్పలేదు. అది అతని తప్పు కాదు. ఆ మట్టిలో ఏదైనా ఉండొచ్చు అని మనలో ఎంతమందికి తోచింది?

జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటినుంచీ చదువుతూ, తెలిసినవాళ్ళని అడుగుతూ, వాదించుకుంటూ ఒక అభిప్రాయానికి వచ్చాను. సున్నపురాయి గుహలో అసలు ఆస్తి పైనుంచి వేలాడే రాళ్ళు కాదు, అడుగున పేరుకున్న మట్టి. ఏ గుహలోనైనా మెట్లు కట్టే ముందు, సిమెంటు పోసే ముందు, లైట్ల వైర్లు పూడ్చే ముందు ఆ మట్టిని చదవగలిగినవాళ్ళు వచ్చి చూసి తీరాలి. మనం ఇన్నాళ్ళూ ఆ పని వదిలేసి తక్కినవన్నీ చేస్తున్నాం.

కర్నూలు పేరున్న ఖడ్గమృగం

ఈ మాట గాల్లోంచి తీసి చెప్పడం లేదు. మన రాష్ట్రంలోనే, అప్పటి కర్నూలు జిల్లా (ఇప్పుడు నంద్యాల జిల్లా) బేతంచెర్ల దగ్గర, బిల్లసర్గం గుహలున్నాయి. 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ అనే సైనికాధికారి అక్కడి మట్టిలో ఎముకలున్నాయని రాశాడు. తర్వాత నలభై ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1884, 85 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, అతని కొడుకు హెన్రీ ఫూట్ అక్కడ తవ్వించారు. ఫూట్ ఆ గుహల్లో ఒకదానికి ఎముకల కొట్టు అనే అర్థమొచ్చే పేరే పెట్టుకున్నాడు. అందులోంచి వచ్చిన ఎముకల్ని శిలాజాల నిపుణుడు రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో అచ్చు వేయించాడు. వాటిలో ఒక ఖడ్గమృగం ఉంది. దానికి ఆయన రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. కర్నూలు ఖడ్గమృగం!

ఈ మాట క్లాసులో చెబితే పిల్లలు ముందు నమ్మలేదు. ఖడ్గమృగం అంటే వాళ్ళకి కాజీరంగా. ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకర్ల వార్తల్లో కనిపించే కర్నూలు వైపు, ఆ నాపరాతి నేలల మీద ఖడ్గమృగం తిరిగిందంటే ఎవరికైనా తల తిరుగుతుంది. ఒక్క ఖడ్గమృగమే కాదు, దుమ్ములగొండి, మనుబోతు, కృష్ణజింక, ఇలా ఆ మట్టిలోంచి వచ్చిన జాబితా పెద్దదే.

1970లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి గారు అదే జిల్లాలో ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో తవ్వి, జంతువుల ఎముకలతో పాటు మనుషులు చెక్కిన ఎముక పనిముట్లు కూడా బయటపెట్టారు. ఫూట్ కూడా తనకి ఎముక పనిముట్లు దొరికాయని అంతకుముందెప్పుడో రాశాడు, చాలామంది దాన్ని సందేహించారు. ఇంకో గుహలో ఇంకొకరు ఓపిగ్గా తవ్వితేగానీ ఆ సందేహానికి జవాబు దొరకలేదు. దీని మధ్య దాదాపు తొంభై ఏళ్ళు గడిచిపోయాయి. మనం గుహల నేలల్ని పట్టించుకునే వేగం ఇదన్నమాట.

మన ఇళ్ళల్లో గచ్చుకి బదులు పరిచే బేతంచెర్ల బండలు తెలుసు కదా, సీతమ్మధారలో మా పాత అద్దె ఇంట్లో కూడా అవే ఉండేవి, మధ్యాహ్నం పూట వాటి మీద చాప లేకుండా పడుకుంటే హాయిగా ఉండేది. ఆ రాయీ ఈ గుహలూ ఒకే సున్నపురాయి సీమవి. అంటే ఎవరూ నేల చూడని గుహలు ఉన్న చోటే రాయి తవ్వకాలు కూడా జరుగుతుంటాయి. క్వారీలో పని చేసే కూలీకి మట్టి నిండిన బీట ఒకటి కనబడితే అతను దాన్ని చెత్త కింద పక్కకి తోసేస్తాడు. రాయి కదా అమ్ముడుపోయేది. పక్కకి తోసిన ఆ మట్టిలో ఏముందో అడిగేవాళ్ళు లేరు.

గుహలోకి ఎముకలు నడిచి రావు

ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు నిజానికి చాలా సూటిగా ఉంటుంది. పైకప్పులో బొక్క ఉన్న గుహ సహజంగా ఏర్పడ్డ ఉచ్చు. పొదల మాటున అంచు కనబడదు. వేల ఏళ్ళలో ఎప్పుడో ఒక జింక, ఎప్పుడో ఒక పంది పడుతూనే ఉంటాయి. ఆవు కథలో ఆవు బతికింది కాబట్టి అది కథగా నిలిచింది. బతకని వాటికి కథలుండవు, ఎముకలుంటాయి. ఆ కథని నేను కొట్టిపారేయను. గుహ ఎలా పనిచేస్తుందో ఆ కొండల్లోని జనం మనకంటే ముందే కళ్ళారా చూసి చెప్పిన మాటగా దాన్ని వింటాను. శివలింగం దగ్గర దణ్ణం పెట్టుకునే వచ్చాను నేను కూడా.

రెండో దారి వేటాడే జంతువులు. చిరుత తన తిండిని గుహలోకి లాక్కొచ్చుకుంటుంది. దుమ్ములగొండి ఎముకల్ని పోగేసి కొరుకుతుంది. ఏదుపంది కూడా ఎముకల్ని మోసుకొచ్చి పళ్ళు అరగదీసుకుంటుంది, ఆ గాట్లు వేల ఏళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టేలా ఉంటాయి.

మూడోది గుడ్లగూబ. ఇది నేను చిన్నప్పుడు దగ్గరగా చూసినదే. చోడవరం అవతల మా అమ్మమ్మగారి ఊళ్ళో పాత ధాన్యం కొట్టు ఒకటుండేది. దాని వాసం మీద గుడ్లగూబ ఉండేది. కింద నేల మీద బొటనవేలంత నల్లటి ఉండలు పడుండేవి. అవి రెట్టలని మా అమ్మమ్మ చీపురుతో ఊడ్పించేసేది. ఒకసారి ఒకటి నీళ్ళల్లో నానబెట్టి విప్పి చూశాను. బూడిదరంగు వెంట్రుకల మధ్య ఎలక దవడలు, రెండు, మూడు, పళ్ళతో సహా చెక్కుచెదరకుండా ఉన్నాయి, పక్కన సూదుల్లాంటి కాలి ఎముకలు. గుడ్లగూబ ఎలకని మింగి, అరగని ఎముకల్ని, వెంట్రుకల్ని ఉండ చుట్టి నోట్లోంచి కక్కేస్తుంది. ఒక గుహ గూట్లో తరతరాల గుడ్లగూబలు కూర్చుంటే కింద ఎన్ని లక్షల దవడలు పేరుకుంటాయో ఊహించుకోండి.

శాస్త్రవేత్తలకి ఖడ్గమృగం కంటే ఈ ఎలక పళ్ళే ఎక్కువ పనికొస్తాయి. ఖడ్గమృగం ఎన్నో మైళ్ళు తిరుగుతుంది. ఎలక తన గడ్డిలోనే పుట్టి తన గడ్డిలోనే చస్తుంది. ఏ పొరలో ఏ రకం ఎలక ఉందో చూస్తే అప్పుడు బయట అడవి ఉందా, గడ్డి మైదానం ఉందా, ఎండిపోయిన నేల ఉందా అనేది చెప్పొచ్చు. కాకపోతే ఈ పళ్ళు బియ్యపు గింజకంటే చిన్నవి. సన్నటి జల్లెడలో నీళ్ళతో కడిగితేగానీ కనబడవు. పారతో ఎత్తి గమేళాలో పోసి బయట పారబోస్తే అంతే సంగతులు.

ఇక ఆ ఎముకలు అన్నేళ్ళు ఎందుకు నిలుస్తాయంటే సున్నం వల్ల. మామూలు అడవి నేలలో పులుపు ఉంటుంది, వానలు ఎక్కువైతే ఎముకని కరిగించేస్తుంది. సున్నపురాయి గుహలో కారే నీళ్ళు ఆ పులుపుని విరిచేస్తాయి. పైగా ఒక్కోసారి మట్టి పొర మీద సున్నం పేరుకుని గట్టి పలకలా మూసేస్తుంది. ఆ పలకలో ఉన్న యురేనియం, థోరియం లెక్క కట్టి అది ఎన్నాళ్ళ క్రితం ఏర్పడిందో చెప్పొచ్చు, కింద ఉన్నదంతా అంతకంటే పాతదని తేలుతుంది. ఎముకలో మిగిలిన కార్బన్‌ని బట్టి వయసు కట్టే లెక్క యాభై వేల ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది, గుహలో అయితే అంతకంటే వెనక్కి పోవచ్చు.

"బొర్రాలో ఏమీ దొరకదు" అనేవాళ్ళతో

మా కాలేజీలో జియాలజీ మేష్టారు ఒకరు నా ఉత్సాహం చూసి, "కర్నూలు రాయి వేరు, బొర్రా రాయి వేరమ్మా. ఇది తూర్పు కనుమల రాయి, వేడికీ ఒత్తిడికీ మారిపోయిన పాతరాయి, దీంట్లో శిలాజాలు వెతకడం దండగ" అన్నారు. ఆయన రాయి గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కాని నేను అడిగేది రాయిలో ఉన్నవాటి గురించి కాదు. రాయి కోట్ల ఏళ్ళనాటిది, గుహ దానికంటే ఎంతో చిన్నది, గుహలో పేరుకున్న మట్టి ఇంకా చిన్నది. ఎముకలు ఉంటే ఆ మట్టిలో ఉంటాయి. ఇల్లు వందేళ్ళ కిందటిదైనా బీరువాలో బట్టలు నిన్నటివి అయి ఉండొచ్చు కదా. ఇది చెప్పాక మేష్టారు కాసేపు ఆలోచించి, "నీళ్ళ సంగతేం చేస్తావు మరి?" అన్నారు.

ఆ అభ్యంతరం మాత్రం గట్టిదే. బొర్రా లోపలినుంచి గోస్తనీ వెళ్తుంది. వానాకాలంలో ఆ నది ఉరవడి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. అడుగున ఉన్న పాత మట్టి ఎన్నోసార్లు కొట్టుకుపోయి ఉండొచ్చు. గబ్బిలాల రెట్ట కూడా పుల్లనిది, అది ఎక్కువగా పేరుకున్న చోట ఎముక నిలవదు. కాబట్టి బొర్రాలో మంచుయుగపు ఎముకలున్నాయని నేను అనడం లేదు. జల్లెడ పట్టిచూస్తే ఒట్టి చేతులతో రావచ్చు కూడా. కాని గుహ అంతా ఒకే మట్టం కాదు. నీళ్ళు అందని పై గూళ్ళు, పక్క అరలు ఉంటాయి, పాత మట్టి అక్కడ మిగిలే అవకాశం ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ ఆంత్రోపాలజీ వాళ్ళకి బొర్రాలో పాతరాతియుగం నాటి రాతి పనిముట్లు దొరికాయని చెబుతారు. రాతి పనిముట్టు మిగిలిన చోట దాని పక్కన ఇంకేమైనా మిగిలిందా అని చూడటం సహజం కదా.

బొర్రా గురించి మనం ఎంత పరాకుగా ఉన్నామో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఎక్కడ చదివినా ఈ గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ జార్జ్ కనిపెట్టాడని రాసుంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో. లేని సంస్థకి చెందిన మనిషి ఎలా కనిపెడతాడు? టూరిస్టు కరపత్రాలు, సైట్లు, పోటీ పరీక్షల పుస్తకాలు అన్నీ ఒకరి దాంట్లోంచి ఒకరు ఎత్తి రాసుకుంటున్నాయి. నా క్లాసులో పిల్లలు కూడా ఆ జవాబే రాస్తారు, ఎందుకంటే అదే రాస్తేనే మార్కులు. అచ్చులో కళ్ళెదుట ఉన్న ఒక్క సంవత్సరాన్నే ఎవరూ సరిచూసుకోకపోతే, చీకట్లో ఉన్న మట్టిని ఎవరు సరిచూస్తారు?

పొట్ట మీద కొట్టమనడం లేదు

ఈ విషయం ఇంట్లో మాట్లాడినప్పుడు మా ఆడపడుచు వెంటనే అన్న మాట, "వదినా, నువ్వు చెప్పేది విని రేపు ఎవడో వచ్చి గుహ మూసేస్తే అక్కడివాళ్ళ బతుకేం కావాలి?" ఆమె మండలాఫీసులో పనిచేస్తుంది, ఆ ఊళ్ళు ఆమెకి తెలుసు. బొర్రా బయట బొంగులో చికెన్ అమ్మేవాళ్ళు, జామకాయలు అమ్మే ఆడవాళ్ళు, గైడ్లు, జీపు డ్రైవర్లు, అందరూ చుట్టుపక్కల గిరిజన గ్రామాలవాళ్ళే. వాళ్ళకి వచ్చేదే తక్కువ.

అసలు బొర్రా ఇంకా మిగిలి ఉందంటే ఆ గ్రామాలవల్లే. గిరిజన ప్రాంతాల్లో గిరిజనేతరులకి గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు గురించి మన విశాఖ వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ కేసు మొదలైందే అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల కొండల్లో ఇచ్చిన గనుల లీజుల మీద. గిరిజనుల భూమి కోసం నడిచిన పోరాటం అది, ఎముకల కోసం కాదు. అయినా ఆ తీర్పు లేకపోతే ఆ కొండల్లో సున్నపురాయి గనులు నడిచేవి, వాటితో పాటు గుహల గతి ఏమయ్యేదో. కాబట్టి బయటనుంచి పెద్దమనుషులు వచ్చి గిరిజనులకి గుహ విలువ గురించి పాఠం చెప్పాల్సిన అవసరం లేదు. వాళ్ళు చేయాల్సింది ఎప్పుడో చేశారు, చేయనిది చదువుకున్న మనమే.

పర్యాటకం ఆపాలని నేను అనడం లేదు. రెండూ కలిసి నడుస్తాయనడానికి ఆస్ట్రేలియాలో నారకూర్ట్ గుహలే సాక్ష్యం. అక్కడ విక్టోరియా గుహ అని ఒకటి, జనం ఎన్నో దశాబ్దాలుగా టికెట్టు కొని చూస్తూ ఉన్నదే. 1969లో ఇద్దరు గుహాన్వేషకులు లోపల ఒక ఇరుకు సందులోంచి పాకి అవతలికి వెళ్తే అక్కడ ఎముకలే ఎముకలు. సంచిజాతి సింహాల నుంచి పెద్ద పెద్ద కంగారూల దాకా, దాదాపు 5 లక్షల ఏళ్ళ చరిత్ర. అంటే అన్నేళ్ళూ ఆ గైడ్లు ఆకారాలు చూపించి జనాన్ని పంపేస్తుంటే, గోడ అవతల అంత చరిత్ర ఉండిపోయింది. 1994లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఇప్పుడు జనం అక్కడికి వెళ్ళేదే ఆ ఎముకల కోసం. పర్యాటకం తగ్గలేదు సరికదా, చూపించడానికి ఇంకొకటి దొరికింది.

మన గైడ్ చేతిలో కూడా అలాంటిదొకటి ఉంటే? "ఇదిగో ఈ బొక్కలోంచి పడ్డ జింక దవడ ఇది, ఇన్ని వేల ఏళ్ళనాటిది" అని ఒక అద్దాల పెట్టె చూపించగలిగితే? అతనికి వచ్చే టిప్పు పెరుగుతుందే గాని తరగదు. ఆ పెట్టె విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కాకుండా బొర్రాలోనే ఉండాలి, ఆ ఊరి పిల్లలే దాన్ని చూసుకోవాలి. ఇది నా వాదనలో నేను అస్సలు రాజీపడని భాగం. దొరికిన ఊళ్ళోంచి ఎముకలు పెట్టెల్లో ఎక్కడికో వెళ్ళిపోతే ఆ ఊరికి మిగిలేది గొయ్యి ఒక్కటే.

తవ్వడం కూడా ఒక నష్టమే

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఇంకొకటి ఉంది. మట్టిని ఒక్కసారే చదవగలం. తవ్వామంటే ఆ పొరలు పోయినట్టే. ఫూట్ తవ్వించిన రోజుల్లో పొరల కాలం కట్టే పద్ధతులే లేవు. అతను శ్రద్ధగానే చేశాడు, అప్పటి తెలివితో. కాని ఏ ఎముక ఎన్నేళ్ళనాటిదో అతను చెప్పలేకపోయాడు. అతను అంతా తవ్వేసి ఉంటే ఆ ప్రశ్నకి ఎప్పటికీ జవాబు ఉండేది కాదు.

అదృష్టం కొద్దీ కొంత మట్టి మిగిలింది. ఇరవై ఒకటో శతాబ్దంలో రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా వంటి పురావస్తు శాస్త్రవేత్తల బృందం మళ్ళీ బిల్లసర్గం వెళ్ళి మిగిలినదాన్ని కొద్దికొద్దిగా తవ్వి, పొరల వయసు కట్టి, ప్రతి పిసరూ జల్లెడ పట్టింది. 2014లో వచ్చిన వాళ్ళ పత్రం చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళు గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో 20 కనీసం లక్ష ఏళ్ళుగా, కొన్నైతే 2 లక్షల ఏళ్ళుగా, ఈ ఉపఖండంలో బతుకుతూనే ఉన్నాయి. ఇరవై ఒకటిలో ఇరవై! అమెరికాలో, ఆస్ట్రేలియాలో మంచుయుగం చివరికొచ్చేసరికి పెద్ద జంతువులు గుంపులు గుంపులుగా అంతరించాయి. మన దగ్గర కూడా ఇంకోచోట కొన్ని పెద్ద ఏనుగు జాతులు, నీటిగుర్రాలు పోయాయి, అది నిజమే. కాని బిల్లసర్గం చెప్పేది ఓర్చుకున్న జంతువుల కథ.

దీని పక్కన 2025లో నార్వేనుంచి వచ్చిన ఒక పరిశోధన పెట్టి చూడండి. ఉత్తర ధ్రువం వైపు ఒక గుహలో 75,000 ఏళ్ళనాటి ఎముకలు, ధ్రువపు ఎలుగు, వాల్రస్ దగ్గర్నుంచి పక్షులు, చేపల దాకా 46 రకాలు దొరికాయి. వాటి డిఎన్ఏ చూస్తే మంచు మళ్ళీ కమ్ముకున్నప్పుడు ఆ వంశాలు నిలవలేదని తేలింది. ఆ గుహ కూడా 1990లలో గని కోసం సొరంగం తవ్వుతుంటే బయటపడింది, సరైన తవ్వకం 2021, 22లలో గాని జరగలేదు. సొరంగం పేలుళ్ళు ఇంకాస్త అటు జరిగి ఉంటే ఇదంతా రాళ్ళకుప్పలో కలిసిపోయేది.

అందుకే నేను అడుగుతున్నది తవ్వకం కాదు, ముందు చూడమని. ఒక మూల గజం గుంట తీసి, జల్లెడ పట్టి, ఏమైనా ఉంటే ఆ భాగానికి కంచె వేసి మిగతాది మనకంటే మంచి పరికరాలున్న రేపటివాళ్ళకి వదిలేయాలి. లేకపోతే లేదని రాసి పెట్టి, అప్పుడు సిమెంటు పోసుకోవచ్చు. దీనికయ్యే ఖర్చు రంగు లైట్ల బిల్లు ముందు ఎంత?

లక్ష ఏళ్ళు ఓర్చినవి

మంచుయుగం అంటే మన పిల్లలు మంచే అనుకుంటారు. మన దగ్గర మంచు కురవలేదు. సముద్రం వెనక్కి పోయింది. సుమారు 20,000 ఏళ్ళ క్రితం సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే నీళ్ళు కాదు, కిలోమీటర్ల మేర నేల కనిపించేది. వానలు తగ్గాయి. భీమిలి దారిలో మనం చూసే ఎర్రమట్టి దిబ్బలు ఆ కాలపు గాలీ ఇసకా చేసిన పనే. వాటికి 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దొరికింది, అది కూడా ఎన్నేళ్ళ పోరాటం తర్వాతో మనందరికీ తెలుసు. కాని ఆ ఎర్రటి ఇసకలో ఎముక నిలవదు. అప్పుడు ఇక్కడ నేల ఎలా ఉందో దిబ్బలు చెబుతాయి, ఆ నేల మీద ఎవరు తిరిగారో చెప్పవు. దాన్ని చెప్పగలిగితే మన వైపు ఏదో ఒక గుహే చెప్పాలి. బొర్రా కొండల్లో పుట్టిన గోస్తనీ వచ్చి ఆ దిబ్బలకి దగ్గర్లోనే, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒక నదికి ఆ చివరా ఈ చివరా ఒకే కాలపు కథ రెండు ముక్కలుగా ఉండే అవకాశం ఉంది, మనం ఒక ముక్కే చదివాం.

ఆ ఇరవై జాతులు ఎలా బతికాయి అన్నదానికి పరిశోధకులు చెప్పిన కారణం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఇక్కడ నేల ఒకే తీరుగా లేదు. ఇక్కడ అడవి, అక్కడ గడ్డి, ఇంకోచోట నీటి చెలమ. ఒకచోట ఎండిపోతే ఇంకోచోటికి జరిగి బతికాయి. కొన్నిచోట్ల పూర్తిగా లేకుండా పోయినా ఇంకోచోట మిగిలాయి. అంటే వాటిని కాపాడింది దారి. నడిచి వెళ్ళడానికి దారి ఉండటం.

ఇప్పుడు విశాఖని ఆనుకుని ఉన్న కంబాలకొండ అడవి చూడండి. ఒకవైపు హైవే, ఒకవైపు కాలనీలు. ఎప్పుడైనా చిరుత కనబడితే సీసీ కెమెరా క్లిప్పు వాట్సాప్‌లో తిరుగుతుంది, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో టెన్షన్, రెండు రోజులు సాయంత్రం పూట పిల్లల్ని బయటికి పంపరు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, నాకూ పిల్లలున్నారు. కాని మంచుయుగపు కరువుల్ని ఓర్చిన జంతువుకి ఈరోజు ఒక రోడ్డు దాటడం కష్టమైపోయింది. ఈ మాట ఊరికే అంటే ఎవరూ వినరు. "ఇదిగో లక్ష ఏళ్ళ క్రితం దాని దవడ, ఇదిగో దాని కింద పొర, ఇదిగో పై పొర, అన్నిట్లో ఉంది" అని చూపించి అంటే వింటారు. నేను క్లాసులో చెప్పి చూశాను. బిల్లసర్గం పొరల బొమ్మ బోర్డు మీద వేసి, ఒక్కో గీత పైకి వస్తూ అదే జింకని మళ్ళీ మళ్ళీ రాస్తుంటే వెనక బెంచీలు కూడా నిశ్శబ్దం అయిపోయాయి.

పోయిన ఏడాది ఒక అధికారిని కలిసి ఈ సంగతి చెబితే, ఆయన ఓపిగ్గా విని, "మేడమ్, ఇది ఏ శాఖ కిందికి వస్తుందంటారు?" అని అడిగారు. గుహ పర్యాటక శాఖది, కొండ అటవీ శాఖది, పాత వస్తువులు పురావస్తు శాఖవి, ఎముకలు భూగర్భ శాఖవి. మట్టి ఎవరిదీ కాదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే, దానికి జవాబు ఆయన దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. జిల్లా స్థాయిలో ఒక్క కాగితం మీద ఒక్క వాక్యం, గుహలో ఏ పని మొదలుపెట్టినా ముందు నేలని పరిశీలించిన నివేదిక జతచేయాలి అని ఉంటే చాలు, ఆ నివేదిక ఎవరు రాస్తారన్నది తర్వాత తేలుతుంది. యూనివర్సిటీ మనకి ఊళ్ళోనే ఉంది.

ఈలోపు నేను చేయగలిగింది నేను మొదలుపెట్టాను. ఈసారి మా పిల్లల్ని బేతంచెర్ల తీసుకెళ్ళి బిల్లసర్గం చూపించాలని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. దూరం ఎక్కువ, ఆడపిల్లలు, ఎండలు అని వెనకాడుతున్నారు, పూర్తిగా కాదనలేదు. గుంటూరు మీదుగా రైలు స్టేషన్‌దాకా ఉంది, అక్కడినుంచి గుహల దగ్గరికి బండి దొరుకుతుందో లేదో, లోపల నడవడానికి ఎలా ఉందో, మంచినీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో ఈమధ్య వెళ్ళొచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. తల్లిదండ్రుల మీటింగు వచ్చే నెలలో ఉంది, అప్పటికి నా దగ్గర వివరాలుండాలి.